మీకు తెలుసా? సోంపు ఒక్క పంటతో పోయే మొక్క కాదు

భోజనమయ్యాక చిటికెడు నోట్లో వేసుకునే సోంపు ఏటా కొత్తగా విత్తి తీరాల్సిన పంట కాదని మీకు తెలుసా? వేరు చెడకుండా చూసుకుంటే, కోసేసిన చోటే మళ్ళీ చిగురించి కొన్నేళ్ళు బతికే బహువార్షిక మొక్క అది. మన దేశంలో రైతులు ఒక్క పంట తీసుకుని చేను దున్నేస్తారు కాబట్టి దాని ఆయుష్షు అంతేననుకుంటాం. జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో కాస్త ఎండ పడే డాబా గానీ, చిన్న పెరడు గానీ ఉన్న తెలుగువాళ్ళు దీన్ని ఒక్క చలికాలంతో వదిలెయ్యకూడదు. మన చుట్టూ ఉన్న వంటిళ్ళన్నీ దీన్ని వాడుకుంటున్నాయి. మనం మాత్రం పొట్లంలో కొనడం దగ్గరే ఆగిపోయాం.

పోపులో ఐదో గింజ

1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో మొదటి ఉక్కు దిమ్మె పోత పోశాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పని కోసం ఇక్కడికి తరలివచ్చాయి. వాళ్ళ పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు ఉండేవి. సోంపుకు మన పప్పుల్లో, పులుసుల్లో పెద్దగా చోటు లేదు. మాంసం మసాలాలో కాస్త పడుతుంది, మిగిలింది తాంబూలానికి.

జంషెడ్‌పూర్‌లో పక్కింటి పోపు వేరు. బెంగాలీ, ఒడియా, బిహారీ వంటల్లో పంచ్ ఫోరన్ అని ఐదు గింజల కలగలుపు ఉంటుంది. జీలకర్ర, మెంతులు, ఆవాలు, కలోంజీ అనే నల్ల జీలకర్ర, ఐదోది సోంపు. కొందరు బెంగాలీలు ఆవాల బదులు రాధుని అనే వాము జాతి గింజ వేస్తారు. వీటిని పొడి కొట్టరు. కాగిన ఆవనూనెలో గింజలుగానే వేసి చిటపటలాడగానే గుమ్మడికాయో వంకాయో బంగాళదుంపో పడేస్తారు. మెంతులు చేదు కాబట్టి మిగతా వాటికంటే తగ్గించి వేసుకోవడం మంచిది. మన బెల్లం వేసిన గుమ్మడికాయ కూరకు ఒక్కసారి ఈ పోపు పెట్టి చూడండి. ఆ తీపికీ సోంపు వాసనకీ చక్కగా కుదురుతుంది.

ఛఠ్ పండక్కి పొరుగువాళ్ళు తెచ్చిపెట్టే ఠేకువాలోనూ, హోలీ నాటి మాల్పువాలోనూ చాలా ఇళ్ళలో సోంపు పడుతుంది. లావుపాటి పండు మిరపకాయల పొట్ట చీల్చి కూరే బిహారీ ఊరగాయలో ఆవపొడి, మెంతిపొడి, ఆమ్‌చూర్‌తో పాటు సోంపు లేకపోతే అది ఆ పచ్చడే కాదు. ఆవకాయలో ఆవ ఎంతో, అక్కడ సోంపు అంత.

అది గింజ కాదు, కాయ

మనం సోంపు గింజ అంటున్నది నిజానికి ఎండిన కాయ. ఎండాక అది నిలువునా రెండు బద్దలుగా విడిపోతుంది. ఒక్కో బద్దలో సాధారణంగా 6 సన్నటి నూనె గొట్టాలు ఉంటాయి. వీపు వైపు 4, లోపలి వైపు 2. వాసనంతా వాటిలోనే ఉంటుంది. అందుకే నమిలినప్పుడో దంచినప్పుడో గుప్పుమంటుంది. దంచిపెట్టుకున్న సోంపుపొడి కొద్ది వారాల్లోనే నిస్సారం కావడానికి కారణమూ ఇదే. గింజలు నిలవ ఉంచుకుని, కావలసినప్పుడు కావలసినంతే దంచుకోవాలి. కషాయం పెట్టినప్పుడు మూత పెట్టాలి, లేదంటే వాసన ఆవిరితో పాటే పోతుంది.

ఆ వాసన ఇచ్చే పదార్థం పేరు అనెథోల్. చక్కెర కన్నా సుమారు 13 రెట్లు తీపి అని దీన్ని లెక్కగడతారు. సోంపు నమిలాక నోట్లో మిగిలే తీపి చాలావరకు దాని వల్లే. బిర్యానీలో వేసే అనాసపువ్వులోనూ అదే అనెథోల్ ఉంది. అయితే అనాసపువ్వు చైనా, వియత్నాంలలో పెరిగే పెద్ద చెట్టు కాయ, సోంపుతో దానికి చుట్టరికమే లేదు. సోంపు కొత్తిమీర, జీలకర్ర, వాము, సోయకూరల కుటుంబానికి చెందింది.

ఇంకో చోట కూడా ఈ వాసన తగులుతుంది. ఈ ఊళ్ళో పాన్ దుకాణాల్లో మీఠా ఆకు అడిగితే ఇచ్చే తమలపాకులో సహజంగానే సోంపు వాసన ఉంటుంది. పొరుగున ఉన్న బెంగాల్‌లోని మేదినీపూర్ ఆ రకానికి పేరుపొందిన చోటు. వెదురుతో, గడ్డితో కప్పిన బరోజ్ అనే పందిళ్ళ నీడలో ఆ తీగను పెంచుతారు. మీఠా ఆకు నూనెలోనూ అనెథోల్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. తమలపాకు తీగ కూడా ఏళ్ళ తరబడి బతికేదే.

ఎప్పుడు విత్తాలి?

దసరాకు, ఛఠ్‌కు మధ్య. వానలు వెనక్కి తగ్గి, రాత్రులు చల్లబడుతున్న రోజులవి. సోంపుకు చలి కావాలి, కానీ కాళ్ళ కింద నీళ్ళు నిలవకూడదు. మన దేశపు సోంపులో అధికభాగం పొడి నేలలున్న గుజరాత్, రాజస్థాన్‌ల నుంచే వస్తుంది. గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్ జీలకర్రకూ సోంపుకూ దేశంలోనే పేరుమోసింది. రాజస్థాన్‌లోని అజ్మేర్ దగ్గర తబీజీలో సుగంధ విత్తన పంటల జాతీయ పరిశోధన కేంద్రం కూడా ఉంది.

ఇక్కడి మెట్టల ఎర్రమట్టికి ఆమ్లగుణం ఎక్కువ, సోంపుకు అది నచ్చదు. కుండీకి మట్టి కలిపేటప్పుడు బాగా మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక, ఒక పిడికెడు వ్యవసాయ సున్నం కలపండి. కుండీ లోతు ఒక అడుగుకు తగ్గకూడదు. ఈ మొక్కకు తల్లివేరు సూటిగా కిందికి దిగుతుంది, మధ్యలో కదిపితే అలుగుతుంది. గుజరాత్ రైతులు వానాకాలపు పంటకు నారు పోసి నాటుతారు గానీ, కుండీల్లో నేరుగా విత్తడమే క్షేమం. గింజలు రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున వేస్తే 10 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి. కుండీకి ఒక్క బలమైన మొలకను ఉంచి మిగతావి తీసేయండి. తీసేసిన మొలకలు పప్పులో వేసుకోవచ్చు.

వంటింటి డబ్బాలోని గింజలు మొలుస్తాయా అని అడుగుతారు. లావుపాటి, ముదిరిన, వేయించని కొత్త గింజలైతే మొలవచ్చు. సన్నగా, పచ్చగా, తియ్యగా ఉండే లక్నవీ సోంపు మాత్రం నమ్మకం కాదు. అది వేరే మొక్క ఏమీ కాదు. కాయ పూర్తిగా ముదరకముందే, సగం సైజులో ఉండగా కోసి నీడలో ఆరబెట్టిన సోంపే. లేతది కాబట్టి తినడానికి బాగుంటుంది, విత్తనానికి పనికిరాదు.

మొక్క ఛాతీ ఎత్తు దాటుతుంది, వెదురుకర్ర ఊతం కట్టాలి. పసుపుపచ్చని గొడుగుపూలు విచ్చగానే తేనెటీగలు వాలుతాయి. సోంపు ఎక్కువగా పరపరాగ సంపర్కంతో కాసే మొక్క కాబట్టి వాటి రాక మనకే లాభం. పేనుబంక పట్టినా పురుగుమందు జోలికి పోకండి. నీళ్ళు బలంగా కొట్టి కడిగేయండి, తప్పదంటే తేనెటీగలు లేని సాయంత్రం పూట వేపనూనె నీళ్ళు చల్లండి. గొడుగులన్నీ ఒకేసారి పండవు. కాయ నిండా ఊరి, ఇంకా ఆకుపచ్చగా ఉన్నప్పుడు ఒక్కొక్క గొడుగూ కోసుకుంటూ పోవాలి. పొలాల్లో కూడా నాలుగైదు విడతలు కోస్తారు. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే రంగూ పోతుంది, వాసనా తగ్గుతుంది.

అసలు పని ఏప్రిల్‌లో

కోత అయిపోగానే చాలామంది మొక్కను పీకేస్తారు. అలా చెయ్యకండి. కాడలను నేల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున కోసేసి, దుబ్బును అలాగే ఉంచండి. 40 డిగ్రీలు దాటే మే నెలలో మధ్యాహ్నపు నీడ చాలు. ప్రమాదమంతా వానాకాలంలోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండీని చూరు కిందికి జరిపి, అడుగు చిల్లులు మూసుకుపోకుండా చూసి, మట్టి పొడిబారాకే నీళ్ళు పోయాలి. వేరు కుళ్ళకుండా ఈ నాలుగు నెలలూ గడిస్తే, అక్టోబరులో దోసెడు ఎరువు వెయ్యగానే దుబ్బు నుంచి కొత్త చిగుళ్ళు లేస్తాయి.

ఈ వేరు ఎంత మొండిదో తెలియాలంటే కాలిఫోర్నియా తీరంలోని శాంటా క్రూజ్ దీవి సంగతి చూడాలి. 1980ల చివర్లో అక్కడి పశువులను తరలించేశాక, మేసే నోరు లేక అడవి సోంపు విస్తారంగా కమ్మేసింది. దాన్ని అదుపు చెయ్యడం ప్రకృతి సంరక్షకులకు పెద్ద పనైంది. అంతటి మొక్కకు ఇక్కడ అడ్డం నిలిచేది వాననీరొక్కటే.

గింజ ఒక్కటే కాదు

నిలుపుకున్న మొక్కతో అసలు లాభం ఆకు. ఈకల్లాంటి ఆ లేత ఆకు బజారులో దొరకడం అరుదు. సన్నగా తరిగి పెరుగుపచ్చడిలో, పెసరపప్పులో, చేపల ఇగురు దించే ముందు వేసుకోవచ్చు. యూరప్‌లో కాడ అడుగున దుంపలా ఉబ్బే ఫ్లారెన్స్ రకాన్ని కూరగా తింటారు, ఇటలీలో పుప్పొడిని కూడా మసాలాగా చల్లుతారు. యునానీ వైద్యులు వేరును కూడా మందుగా వాడతారు.

వేసవి షర్బత్‌కు నాలుగు చెంచాల సోంపును మూడు గంటలు నానబెట్టి, పటికబెల్లంతో మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, చల్లటి నీళ్ళు, నిమ్మరసం, చిటికెడు నల్ల ఉప్పు కలిపితే చాలు. కొన్న సోంపు మరీ మిరుమిట్లు గొలిపే పచ్చగా ఉంటే ముందు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. నీళ్ళు వెంటనే ఆకుపచ్చగా మారితే అది రంగు అద్దిన సరుకు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పసిపిల్లలకు కడుపునొప్పి అని సోంపు నీళ్ళు పట్టడం మన ఇళ్ళలోనూ, పక్కిళ్ళలోనూ ఉన్న అలవాటే. మొదటి 6 నెలలూ తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అనాసపువ్వు కషాయమైతే అసలే వద్దు. దాన్ని పోలిన జపాన్ రకం విషపూరితం, ఎండిన కాయలను చూసి రెండింటినీ వేరు చెయ్యడం కష్టం. అనాసపువ్వు టీ తాగిన పసిపిల్లలు సహా కొందరు జబ్బుపడడంతో 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ టీ తాగవద్దని హెచ్చరించింది. బిడ్డ ఏడుపు ఆగకపోతే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి.

విత్తనానికి మాత్రం మొక్క నడిమి గొడుగును కోయకుండా వదిలి, గోధుమరంగు తిరిగి ఎండేదాకా ఆగండి. ఆ కాయలను కాగితం సంచిలో వేసి, తేమ తగలని చోట పెట్టి, వచ్చే అక్టోబరులోనే వాడేయండి. పాతబడిన కొద్దీ మొలకశాతం పడిపోతుంది. మీకు ఎక్కువైనవి పక్కింటి బెంగాలీ పిన్నిగారికో ఒడియా అన్నయ్యకో ఒక గుప్పెడు ఇవ్వండి. వాళ్ళ పోపుకు అవి రోజూ కావలసినవే.