ట్యాంకు దీపం అబద్ధమాడితే

పాత బైకుల్లో పెట్రోలు హెచ్చరిక దీపం మొరాయిస్తే తప్పు చాలాసార్లు ట్యాంకులో ఉండదు. ఓ వైరు కొసలోనో, కొత్తగా పెట్టిన బల్బులోనో ఉంటుంది.

హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్షలు పెంచిన కొత్త చట్టంపై డ్రైవర్లు ఆందోళనకు దిగడంతో 2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆ రోజు ద్విచక్రవాహనదారులందరిదీ ఒకటే ప్రశ్న: ట్యాంకులో ఇంకెంత ఉంది? కొత్త బైకులకు మీటరే జవాబు చెబుతుంది. పదేళ్లు దాటిన బైకుల్లో ఆ పని చేయాల్సిన చిన్న దీపంపై యజమానికే నమ్మకం ఉండదు. నిండా కొట్టించినా అది వెలుగుతూనే ఉంటుంది. లేదంటే బండి ఆగేదాకా వెలగనే వెలగదు.

రెండోదే ప్రమాదకరం. కార్బ్యురేటర్ బైకుకైతే ట్యాంకు కింద రిజర్వు ట్యాప్ ఉంటుంది. బండి జెర్కులిస్తే ట్యాప్ తిప్పి బంకుదాకా వెళ్లొచ్చు. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500, హీరో హోండా కరిజ్మా జెడ్ఎంఆర్ వంటి ఇంజెక్షన్ బైకులకు ఆ వెసులుబాటు లేదు. ఇంజెక్షన్ బైకుల్లో సాధారణంగా పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. ట్యాంకు పదేపదే అడుగంటితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. పంపు ఖర్చు ముందు దీపం మరమ్మతు ఖర్చు ఏపాటి?

వేడే సంకేతం

ఈ దీపాన్ని వెలిగించే ఏర్పాటు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది తేలే బెండు. పెట్రోలు తగ్గేకొద్దీ అది కిందికి దిగి స్విచ్చిని కలుపుతుంది. రెండోది థర్మిస్టర్ అనే చిన్న గుండు. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది. పెట్రోలులో మునిగి ఉన్నంతసేపూ చల్లగా ఉండి కరెంటును అడ్డుకుంటుంది. మట్టం తగ్గి గాలిలో తేలితే తనలో పారే కొద్దిపాటి కరెంటుకే వేడెక్కి దారి వదులుతుంది. దాంతో దీపం వెలుగుతుంది. అందుకే ఈ రకం బైకుల్లో తాళం తిప్పగానే దీపం వెలగదు, కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యం లోపం కాదు. ఘాట్ రోడ్డుపైనో, సైడ్ స్టాండు మీదో మినుకుమినుకుమన్నా కంగారు అక్కర్లేదు. పెట్రోలు ఓ పక్కకు ఒరిగిందని మాత్రమే అర్థం.

థర్మిస్టర్ ఉన్న బైకుల్లో తరచూ తంటా తెచ్చేది ఎల్ఈడీ బల్బు. మీటరు కాంతివంతంగా ఉంటుందని చాలామంది పాత బల్బు తీసి ఎల్ఈడీ పెట్టిస్తారు. కానీ ఇక్కడ బల్బు, థర్మిస్టర్ ఒకే వరసలో ఉంటాయి. చల్లటి థర్మిస్టర్ నుంచి జారే అతికొద్ది కరెంటుకు మామూలు బల్బు వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది. ఫలితంగా ట్యాంకు నిండా ఉన్నా దీపం ఆరదు. కొన్నిసార్లు ఎల్ఈడీ తీసుకునే కరెంటు థర్మిస్టర్ వేడెక్కడానికి చాలదు. సెన్సర్ పోయిందని కొత్తది కొనేముందు అదే వాటేజీ మామూలు బల్బు పెట్టి చూడటం మేలు.

వరుస తప్పని పరీక్ష

బల్బు సరైనదే అయితే తర్వాత చూడాల్సింది ఫ్యూజు, బ్యాటరీ. ఆపైన ట్యాంకు కింది సెన్సర్ కనెక్టర్. ఇంజిను చల్లారాక, ట్యాంకు మూత బిగించి, ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసుకుని తాళం తిప్పాలి. వెలుగుతూనే ఉండే దీపమైతే కనెక్టరును ఊడదీయాలి. దీపం ఆరిందంటే లోపం సెన్సరులో ఉంది. ఆరలేదంటే మధ్యలో ఎక్కడో వైరు ఒరుసుకుని చాసిస్‌కు తగులుతోంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా నలిగే మెడ భాగంలో ముందు వెతకాలి.

అసలు వెలగని దీపానికి పరీక్ష తిరగబడుతుంది. తాళం ఆపి, ఊడదీసిన కనెక్టరులో బండి వైపు ఉన్న రెండు కొసలను చిన్న వైరుతో కలిపి, మళ్లీ తాళం తిప్పాలి. దీపం వెలిగితే బల్బు, వైరింగు బాగున్నట్టే, సెన్సర్ మార్చాలి. వెలగకపోతే తుప్పు పట్టిన ఎర్తు, నల్లబడ్డ టెర్మినల్, తెగిన వైరు వెతకాలి. సెన్సర్ నుంచి రెండే వైర్లు నేరుగా దీపానికి వెళ్లే మోడళ్లకే ఈ పద్ధతి. డిజిటల్ మీటరు ఉన్న బండికి సర్వీసు మాన్యువల్ చూడకుండా వైర్లు కలపకూడదు. ట్యాంకు నుంచి సెన్సర్ విప్పే పని మెకానిక్‌కే వదిలేయాలి. ఆవిరికి నిప్పురవ్వ చాలు.

బెండు రకంలో జబ్బులు వేరు. బెండుకు చిల్లుపడి పెట్రోలు చేరితే మునిగిపోతుంది, దీపం ఆరదు. తుప్పుకు చేయి బిగుసుకుపోతే ఎక్కడ ఆగిందో అక్కడి మాటే చెబుతుంది. పెట్రోలులో ఇథనాల్ వాటా 2025లో 20 శాతానికి చేరడం పాత బండ్లకు మరో పరీక్ష. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. సెన్సర్ విప్పినప్పుడు దాని వాషరూ మార్చడం మంచిది.

పదిహేనేళ్లు నిండిన బైకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ నడిపేవారికి విడిభాగాలు దొరకడమే గగనం. చెన్నై పుదుపేటలోనో, మరో పాత సామాన్ల బజారులోనో దొరికే సెన్సర్‌కూ అదే వయసు, అదే తుప్పు. పరీక్షించకుండా డబ్బివ్వకూడదు.

దీపం బాగయ్యేదాకా ట్రిప్ మీటరే దిక్కు. నిండా కొట్టించి దాన్ని సున్నాకు తేవాలి. 12 లీటర్ల ట్యాంకు, లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండి లెక్కప్రకారం 540 కిలోమీటర్లు పోతుంది. 400 దగ్గరే బంకు వెతుక్కోవాలి. ట్యాప్ ఉన్న బండి అయితే పెట్రోలు కొట్టించాక దాన్ని తిరిగి 'ఆన్'కు తిప్పారో లేదో చూసుకోవాలి. రిజర్వులోనే వదిలేస్తే ఈసారి ఆగిన బండి ఆగినట్టే ఉంటుంది.