రైలు రాని దారిలో సైకిలు సవారీ

సైకిలు తొక్కాలని సరదా ఉన్నా, వెనకనుంచి లారీ హారన్ వినబడగానే గుండె దడదడలాడుతుంది కదూ! స్పెయిన్‌లో ఆ బెంగ అక్కర్లేని దారులు బోలెడున్నాయి. మూతబడిన రైలు మార్గాల్లో పట్టాలు తీసేసి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు. వాటిని 'వియాస్ వెర్దెస్', అంటే పచ్చని దారులు అంటారు. 1993లో మొదలైన ఈ పని ఇప్పుడు 3,000 కిలోమీటర్లు దాటింది.

దక్షిణాన అండలూసియాలో ఓల్వేరా నుంచి ప్యుయెర్తో సెరానో దాకా 36 కిలోమీటర్ల దారి ఉంది. 1920ల్లో రైలు కోసం కొండలు తొలిచారు, వంతెనలు కట్టారు. తీరా పని ఆగిపోయి ఒక్క రైలూ నడవలేదు! 30 సొరంగాలు మాత్రం మిగిలాయి. దారిలో జాఫ్రమగోన్ కొండమీద రాబందులు గూళ్లు కట్టుకుంటాయి.

రైలు నిట్టనిలువు ఎక్కలేదు. అందుకే ఇక్కడ ఎత్తుపల్లాలు మెల్లమెల్లగా వస్తాయి. ఎప్పుడో పెళ్లికి ముందు సైకిలు వదిలేసినవాళ్లూ ధైర్యంగా తొక్కొచ్చు. ఓల్వేరా వైపునుంచి బయల్దేరితే చాలావరకు దిగుడే.

జులై, ఆగస్టు ఎండలు మన రోహిణీకార్తెను తలపిస్తాయి. ఏప్రిల్, అక్టోబరు మేలు. సొరంగాలకు లైటు మరవకండి. పల్లెల్లో మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు కనుక నీళ్లు, తినుబండారాలు పొద్దున్నే సర్దుకోండి.

పిల్లల చదువులనీ, ఉద్యోగాలనీ యూరప్ వెళ్లే తల్లులు ఇప్పుడు ఎక్కువే. వంట, మనవల సంరక్షణ ఎలాగూ తప్పవు. ఒక్కరోజు మాత్రం మీకోసం అట్టేపెట్టుకోండి!