డబ్బా మీద వెయ్యి, భుజాన రెండున్నర

కురవి వీరభద్రస్వామి జాతరైనా, ఐనవోలు మల్లన్న జాతరైనా, మేడారమైనా, రంగులరాట్నం పక్కన బుగ్గలు కొట్టే దుకాణం ఒకటి ఉండి తీరుతుంది. కేసముద్రం, మానుకోట వైపు ఎయిర్‌గన్ ముట్టుకున్నవాళ్లలో చాలామంది మొదటిసారి ముట్టుకున్నది అక్కడే. గొట్టాన్ని మధ్యలో కిందికి విరిచి, గుండు పెట్టి, మళ్లీ మూసి కాల్చే ఆ తుపాకీనే దుకాణాల్లో బ్రేక్ బ్యారెల్ అంటారు. విరిచినప్పుడు లోపలి స్ప్రింగ్ ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి గుండును నెడుతుంది. గ్యాస్ సిలిండరు, పంపు, కరెంటు ఏవీ అక్కర్లేదు. పల్లెలో ఉండేవాడికి ఇంతకన్నా చవకైన, మొండి తుపాకీ ఇంకోటి లేదు.

జాతర బుగ్గ అడ్డం జానెడు ఉంటుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మధ్యలోని పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు. కాల్చే గుండే 4.5 మిల్లీమీటర్లు కాబట్టి, గుండు ఆ చుక్కకన్నా 9 రెట్లు పెద్దదన్నమాట. మొత్తం టార్గెట్ 45.5 మిల్లీమీటర్లు, అందులో నల్లని భాగం 30.5. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ కొలతల టార్గెట్ మీదే. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టింది కూడా ఈ విభాగంలోనే. వాళ్ల చేతుల్లో ఉన్నవి లక్షల ఖరీదు చేసే తుపాకులు. ఇక్కడ చెప్పుకునేది ఐదారు వేల నుంచి ఇరవై వేల లోపు దొరికే, స్ప్రింగుతో పనిచేసే సాదా తుపాకీ గురించి.

ముందు ఒక మాట తేల్చేద్దాం. మన వైపు ఎయిర్‌గన్ ఆరా తీసేవాళ్లలో సగం పిల్లల్ని షూటింగ్‌లో పెడదామనుకునేవాళ్లయితే, మిగతా సగం కోతులతో విసిగిపోయినవాళ్లు. మక్కచేను కంకి పట్టే వేళకు కోతుల గుంపు దిగితే రైతు పడే గోస చిన్నది కాదు. అయినా దానికి ఇది మందు కాదు. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, గుండు తగిలి పుండు పడిన కోతి ఊరు వదిలి పోదు, ఇంకా మొరటెక్కుతుంది. కాబట్టి ఇక్కడి నుంచి రాసేదంతా కాగితం మీద కాల్చేవాళ్లకే.

ఇప్పుడు డబ్బా మీది అంకె. ఆన్‌లైన్‌లో ఏ ఎయిర్‌గన్ తెరిచినా మొదట కనబడేది వేగం: సెకనుకు 1000 అడుగులు, 1200 అడుగులు. పెద్ద అంకె చూస్తే చేయి దానివైపే పోతుంది. అది ఏ గుండుతో కొలిచిన వేగమో మాత్రం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. మామూలు సీసం గుండు 0.53 గ్రాములు తూగుతుంది. వేగం కోసం చేసే తేలిక లోహపు గుండు 0.32 గ్రాములే. సెకనుకు 1000 అడుగులంటే 305 మీటర్లు. తేలిక గుండుతో ఆ వేగం రావడానికి 15 జౌళ్ల శక్తి చాలు. సీసం గుండు అంతే వేగంగా పోవాలంటే 24 జౌళ్లు దాటాలి. ఒకే తుపాకీని గుండు మార్చి కొలిస్తే అంకె ఎక్కడికో పోతుంది. అందుకే వేగాన్ని పక్కనపెట్టి జౌళ్లు అడగాలి. దుకాణదారు చెప్పలేకపోతే లెక్క మనమే కట్టుకోవచ్చు: గుండు బరువును కిలోల్లోకి మార్చి, సెకనుకు మీటర్లలో ఉన్న వేగంతో రెండుసార్లు గుణించి, సగం చేయాలి. బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే.

జౌళ్లు అడగడానికి ఇంకో కారణం చట్టం. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోదగ్గ ఎయిర్ రైఫిల్‌కు రెండు గీతలున్నాయి. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం, మించకూడదు. గొట్టం చివర శక్తి 20 జౌళ్లు మించకూడదు. రెంటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. 0.53 గ్రాముల గుండు సెకనుకు 275 మీటర్ల దగ్గర సరిగ్గా 20 జౌళ్లు తాకుతుంది. 5.5 మిల్లీమీటర్ల గుండు వాడే తుపాకీని ఎవరైనా చవకగా ఇస్తామంటే చేయి చాపకండి. లైసెన్సు అక్కర్లేని తుపాకీకైనా దుకాణంలో గుర్తింపు కార్డు చూపించాలి. రసీదును బీరువాలో కాకుండా తుపాకీ సంచిలోనే పెట్టుకుంటే దారిలో పోలీసులు ఆపినప్పుడు పనికొస్తుంది.

20 జౌళ్ల దాకా అనుమతి ఉంది కదా అని 20 జౌళ్ల తుపాకీయే కొనాలనేమీ లేదు. జర్మనీలో లైసెన్సు లేకుండా అనుమతించేది 7.5 జౌళ్లే. ఎయిర్‌గన్లు చేసే డయానా కంపెనీ 1890లో పుట్టింది ఆ దేశంలోనే. బ్రిటన్‌లో హద్దు 16 జౌళ్ల పైచిలుకు. ఒలింపిక్ తుపాకీ గుండు కూడా సెకనుకు 175 మీటర్ల దగ్గరే పోతుంది, శక్తి 8 జౌళ్లు. ప్రపంచంలో అందరికన్నా కచ్చితంగా కాల్చేవాళ్లకు 8 జౌళ్లు చాలినప్పుడు, పెరట్లో కాగితం కొట్టే మనకు 18 ఎందుకు? వేగం తక్కువైతే గుండు కిందికి జారిపోతుందని భయపడతారు. 10 మీటర్ల దూరంలో, గాలి నిరోధాన్ని వదిలేసి లెక్కిస్తే, సెకనుకు 200 మీటర్లతో పోయే గుండు 12 మిల్లీమీటర్లు జారుతుంది, 275తో పోయేది ఆరున్నర. తేడా ఐదున్నర మిల్లీమీటర్లు. వెనక సైట్ మరను కాస్త తిప్పితే సరిపోయే సంగతి.

అసలు చిక్కు బరువు దగ్గరుంది. తేలికైన తుపాకీ కావాలంటారు, గట్టిగా కొట్టేదీ కావాలంటారు. స్ప్రింగ్ తుపాకీలో ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మామూలు తుపాకీలో కదిలేది గుండొక్కటే అనుకుంటాం. స్ప్రింగ్ తుపాకీలో గుండు కదలకముందే పావు కిలో ఇనుము ముందుకు దూకుతుంది: పిస్టన్, దాని వెంట స్ప్రింగులో కొంత. అది ముందుకు 75 మిల్లీమీటర్లు జరిగితే తుపాకీ వెనక్కి జరగాలి. ఎంత? పిస్టన్ బరువును తుపాకీ మొత్తం బరువుతో భాగించి, జరిగిన దూరంతో గుణిస్తే వస్తుంది. మూడున్నర కిలోల తుపాకీ 5.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. అదే పిస్టన్‌ను రెండున్నర కిలోల తుపాకీలో బిగిస్తే 7.5. ఈ కదలిక అంతా గుండు ఇంకా గొట్టంలో ఉండగానే జరిగిపోతుంది. చివర పిస్టన్ సిలిండర్ మూతికి కొట్టుకుని తుపాకీని ఎదురువైపు కుదుపుతుంది. కాల్చేవాడి చేయి ఎంత బిగిస్తే గురి అంత చెదురుతుంది. 'నా తుపాకీ సరిగ్గా కొట్టదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఏడున్నర మిల్లీమీటర్లే.

ఇప్పుడు చిన్న పిస్టన్ తీసుకోండి. 180 గ్రాములు, 60 మిల్లీమీటర్ల పరుగు. అదే రెండున్నర కిలోల తుపాకీ 4.3 మిల్లీమీటర్లే కదులుతుంది, అంటే పెద్ద పిస్టన్ ఉన్న మూడున్నర కిలోల తుపాకీకన్నా తక్కువ. శక్తి 8, 10 జౌళ్లకు పడిపోతుంది, కాని చేతిలో పిల్లిలా పడి ఉంటుంది. నన్నడిగితే తేలిక తుపాకీ కొనేవాళ్లు 7 నుంచి 11 జౌళ్ల మధ్యే చూడాలి. తేలికగా ఉండి 18 జౌళ్లు కొడుతుందని ఎవరైనా మురిపెంగా చెబితే, అది అనుభవజ్ఞుడు కూడా చెమటోడ్చి కాల్చే తుపాకీ.

గొట్టం విరిచే బరువూ దీన్ని బట్టే ఉంటుంది. స్ప్రింగులో దాచిన శక్తిలో గుండుకు చేరేది మూడో వంతు, అటూఇటూ. 8 జౌళ్ల కోసం మన చేయి 24 జౌళ్లు పెట్టాలి, 18 జౌళ్లకు 54. చిన్న తుపాకీని విరవడానికి 8 నుంచి 10 కిలోల లాగుడు చాలు, పెద్దవాటికి 15 దాటుతుంది. ఒక పూట సాధన అంటే కనీసం 60 గుండ్లు. చేదబావిలోంచి నిండు బొక్కెన అరవైసార్లు చేదిన చేతితో అర మిల్లీమీటరు చుక్కను గురి పెట్టడం ఎలాగుంటుందో పల్లెవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్ప్రింగుకు బదులు గ్యాస్ పిస్టన్ ఉన్న రకాలూ వస్తున్నాయి. వాటిని విరవడం మొదటి నుంచీ బరువే. స్ప్రింగ్ విరిగితే మార్చుకోవచ్చు, గ్యాస్ పిస్టన్ కారిపోతే మానుకోటలో బాగుచేసేవాడు దొరకడం కష్టం.

పిల్లల కోసమైతే మరో రెండు కొలతలు చూడాలి. 30 కిలోల పిల్లవాడికి మూడున్నర కిలోల తుపాకీ ఇస్తే ఒంటి బరువులో పదో వంతు కన్నా ఎక్కువ చేతులకు వేలాడేసినట్టు. రెండు, రెండున్నర కిలోలు దాటనీయకండి. రెండోది కట్ట పొడవు, అంటే భుజానికి ఆనే చివర నుంచి ట్రిగ్గర్ దాకా. పెద్దలకు 34, 35 సెంటీమీటర్లు సరిపోతుంది, పిల్లలకు 30 దగ్గర ఉండాలి. టేపు అక్కర్లేదు. కట్ట చివరను మోచేతి మడతలో ఆనిస్తే చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకోవాలి. అందకపోతే ఎంత మంచి తుపాకీ అయినా వద్దు. టెలిస్కోపు కూడా ఇప్పుడే వద్దు. అది మరో అర కిలో, పైగా స్ప్రింగ్ రెండువైపులా కొట్టే కుదుపుకు చవక టెలిస్కోపులు నిలవవు. మన దేశవాళీ పోటీల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. ముందు వెనక సైట్ల మధ్య దూరం 45 సెంటీమీటర్లుంటే, వాటి అమరికలో పదో వంతు మిల్లీమీటరు తప్పు 10 మీటర్ల దగ్గర రెండు మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. ఆ దూరం 35కు తగ్గితే అదే తప్పు దాదాపు మూడు. పొట్టి తుపాకీ చూడముచ్చటగా ఉన్నా గురికి కలిసిరాదు.

దుకాణంలో చేతికిచ్చినప్పుడు ఏం చూడాలంటే, గొట్టం మూసిన తర్వాత దాన్ని పక్కలకు కదిపి చూడండి. కాస్త ఆడినా వద్దనండి. ప్రతిసారీ గొట్టం ఒకే చోట కూర్చుంటేనే గుండు ఒకే చోటికి పోతుంది. తర్వాత గొట్టం మూతి. వేలి గోరు అంచు చుట్టూ తిప్పితే ఎక్కడా గరుకు తగలకూడదు. కాల్చి చూడనిస్తే, గొట్టం మూసే కీలు మీద సిగరెట్ కాగితం లాంటి పలచని ముక్క పెట్టి, గుండుతోనే, ఇసుక సంచి వైపు కాల్చండి. కాగితం ఎగిరితే అక్కడి వాషరు గాలి వదులుతోందని లెక్క. పాత తుపాకుల్లో తోలు వాషర్లు, కొత్తవాటిలో సింథటిక్. గుండు లేకుండా 'టక్' మనిపించి చూపించే దుకాణదారును ఆపండి. గాలి దిండు లేక పిస్టన్ నేరుగా ఇనుముకు కొట్టుకుంటుంది. గుండు పెట్టేటప్పుడు రెండో చేయి గొట్టాన్ని వదలకూడదు. ట్రిగ్గర్ జారితే గొట్టం లేచి మూసుకుంటుంది, మధ్యలో వేళ్లుంటే మిగలవు.

శబ్దం బాగా వస్తుందని గొట్టంలో కొబ్బరినూనె, ఆముదం పోసేవాళ్లున్నారు. నొక్కుకుపోయిన గాలి వేడికి ఆ నూనె అంటుకుని పేలుతుంది. డీజిల్ ఇంజన్ పని చేసేది ఆ సూత్రంతోనే. వాషరు మాడుతుంది, స్ప్రింగ్ దెబ్బతింటుంది, శక్తి చట్టం గీత దాటినా దాటుతుంది. బయటి ఇనుముకు మాత్రం వానాకాలంలో నూనె గుడ్డ పెట్టి తుడవండి.

కొనేటప్పుడు ఎవరూ వేయని లెక్క గుండ్లది. గుండు రూపాయి పడుతుందనుకుంటే, పూటకు 60, వారానికి నాలుగు పూటలు, ఏడాదికి 12,480 రూపాయలు. తుపాకీ ధరంత. అందుకని తుపాకీ మీద రెండు వేలు తగ్గించి, మొదట్లోనే మూడు నాలుగు రకాల గుండ్లు చిన్న డబ్బాలు తెచ్చి, ఒక్కోదాంతో ఐదేసి గుండ్లు కాల్చి చూడండి. ఐదూ ఎక్కువ దగ్గరగా పడిన రకాన్ని పెద్ద డబ్బాలో కొనండి. ఖరీదైన గుండే నప్పాలన్న నియమం లేదు, ప్రతి గొట్టానికీ ఒక రుచి. గుండు సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడగాలి, మధ్యలో బజ్జీలు తినకూడదు.

ఇక చోటు. 10 మీటర్లు అంటే మన పెరళ్లలో పెద్ద దూరమేమీ కాదు, కాని గురి తప్పిన గుండు పైకి లేస్తే 200 మీటర్లు దాటిపోతుంది. సెకనుకు 100 మీటర్ల దగ్గరే గుండు చర్మాన్ని చీలుస్తుంది, కంటికి అంత వేగం కూడా అక్కర్లేదు. టార్గెట్ వెనక బండరాయి, రేకు పనికిరావు, గుండు తిరిగొస్తుంది. రెండు యూరియా సంచుల్లో ఇసుక నింపి ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, వాటి వెనక తలుపో దారో లేని గోడ ఉండేలా చూసుకోండి. కళ్లద్దాలు కాల్చేవాడికీ, పక్కన నిలబడ్డవాడికీ కావాలి. కొనేముందు ఒక్కసారి కాల్చి చూడాలనిపిస్తే కేసముద్రం స్టేషన్‌లో పొద్దుటి బండెక్కి హైదరాబాద్ పోవచ్చు. గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజి ఉంది, నగరంలో ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. అక్కడ రుసుము కట్టి పిల్లవాడితో ఒక గంట కాల్పిస్తే, వాడు మళ్లీ అడుగుతాడో లేదో తిరుగు బండిలోనే తెలిసిపోతుంది.