పటం కొత్తదే, కొలతలెప్పటివి?

2007 ఏప్రిల్ 5న గ్రీసులోని శాంటొరీని ద్వీపం అంచున సీ డైమండ్ అనే విహార నౌక నీటికింద ఉన్న రాతిదిబ్బను ఢీకొట్టింది. మర్నాటికి మునిగిపోయింది. ఓడలోని సుమారు 1,500 మందిలో ఇద్దరు గల్లంతయ్యారు. తర్వాత ఓడ యాజమాన్యం తరఫున ఆ చోట సముద్రపు అడుగును మళ్లీ కొలిపించారు. అధికారిక పటంలో తీరానికి 57 మీటర్ల దూరాన గీసిన దిబ్బ 131 మీటర్ల దూరాన ఉందనీ, 18 నుంచి 22 మీటర్ల లోతని రాసిన చోట ఉన్నది 5 మీటర్లేననీ ఆ సర్వే తేల్చింది. తప్పెవరిదన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, లోకమంతా వచ్చి చూసే ద్వీపం దగ్గర, 21వ శతాబ్దంలో కూడా పటం ఇంతగా ప్రశ్నకు నిలవాల్సి వచ్చిందన్నది చిన్న విషయం కాదు.

గ్రీసులో వేసవి అంతా తెరచాప పడవల సందడే. సొంత పడవ లేనివాళ్లు వారానికో రెండు వారాలకో అద్దెకు తీసుకుని అయోనియన్, ఏజియన్ సముద్రాల్లో దీవి నుంచి దీవికి తిరుగుతారు. బయల్దేరే ముందు అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే: ఏ పటాలు కొనాలి, ఏ పైలట్ బుక్ దగ్గర పెట్టుకోవాలి? చాలామంది అచ్చు తేదీ చూసి తృప్తి పడతారు. అంతకంటే ముందు చూడాల్సిన వివరం మరొకటుంది. ఏ భాగాన్ని ఏ సంవత్సరంలో, ఏ పద్ధతిలో కొలిచారన్నది. బ్రిటిష్ అడ్మిరల్టీ పటాల మీద దీన్ని ఓ మూలన చిన్న బొమ్మగా వేస్తారు. నిన్నగాక మొన్న అచ్చయిన పటంలోనూ 19వ శతాబ్దపు లోతులు ఉండవచ్చు.

ఆ శతాబ్దంలో ఏజియన్‌ను ఓపిగ్గా కొలిచినవాళ్లలో బ్రిటిష్ నౌకాదళ సర్వేయర్లు ముఖ్యులు. 1830లు, 40లలో థామస్ గ్రేవ్స్ నాయకత్వాన బీకన్ అనే ఓడ ఈ దీవుల మధ్య తిరిగింది. ఆయన దగ్గర పనిచేసిన థామస్ స్ప్రాట్ తర్వాత క్రీట్ తీరాలను కొలిచాడు. వాళ్ల పరికరం తాడుకు కట్టిన సీసపు గుండు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు కూరి నీళ్లలోకి వదిలేవాళ్లు. నేల తగలగానే తాడు మీది గుర్తును బట్టి లోతు రాసుకునేవాళ్లు. పైకి లాగాక కొవ్వుకు అంటుకొచ్చిన ఇసుకో, బురదో, గవ్వ ముక్కలో చూసి అదీ రాసుకునేవాళ్లు. ఏమీ అంటకుండా కొవ్వు నొక్కుకుపోయి వస్తే అడుగున రాయి ఉన్నట్టు. నేటి పటాల్లో లోతు అంకెల పక్కన ఇసుకకు ఎస్, బురదకు ఎం, రాతికి ఆర్ అని కనిపించే అక్షరాలు అదే సమాచారాన్ని చెబుతాయి. వీటిని తేలిగ్గా దాటేసేవాళ్లు చాలామంది. రాత్రి గాలి లేచాక లంగరు నేలను పట్టుకుంటుందా, జారిపోతుందా అన్నది ఆ ఒక్క అక్షరం మీదే ఆధారపడి ఉంటుంది.

సీసపు గుండుకు ఉన్న లోపం అది పడిన చోటును మాత్రమే కొలవడం. రెండు కొలతల మధ్య శిఖరంలా నిటారుగా లేచిన రాయి ఉంటే దానికి దొరకదు. ఇప్పటి మల్టీబీమ్ సోనార్ ఓడ కింద విశాలమైన పట్టీ మొత్తాన్ని ఒకేసారి శబ్ద తరంగాలతో తడుముతుంది కాబట్టి సందులు మిగలవు. కానీ అలా కొలవని జాగాలు ఇంకా ఉన్నాయి. పాత కొలతల పటంలో అంకెలు పలచగా ఉన్న తెల్లటి చోటు కనిపిస్తే అక్కడ లోతు ఎక్కువని ధీమా పడకూడదు. అక్కడ గుండు వేసినవాళ్లు లేరనే అనుకోవాలి.

పైగా గ్రీసులో నేల కూడా ఉన్నచోట ఉండదు. ఆఫ్రికా ఫలకం ఏజియన్ కిందికి దూరుతున్న ప్రాంతమిది. క్రీట్ పశ్చిమ కొసన ఫలసార్న అనే ప్రాచీన రేవు ఉంది. స్ప్రాట్ వెళ్లేసరికి ఆ రేవు పొడినేల మీద ఉంది. చుట్టుపక్కల రాళ్ల మీద, అప్పటి నీటిమట్టానికి ఎంతో ఎత్తున, పాత నీటిగీత కనిపించింది. తీరం పైకి లేచిందని ఆయన సరిగ్గానే పోల్చుకున్నాడు. క్రీ.శ. 365 నాటి భూకంపంలో ఆ తీరం కొన్నిచోట్ల 9 మీటర్ల దాకా లేచిందని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 1953 ఆగస్టు భూకంపాల్లో కెఫలోనియా ద్వీపం 30 నుంచి 70 సెంటీమీటర్ల మేర లేచింది. రెండు మీటర్లు నీటిలో మునిగి నడిచే పడవ రేవులోకి వచ్చేటప్పుడు ఆ 70 సెంటీమీటర్లే సర్వస్వం.

లోతు సరైనదైనా చోటు తప్పు కావచ్చు. పాత సర్వేయర్లు సూర్యుణ్నీ నక్షత్రాలనూ చూసి తామున్న చోటు కనుక్కునేవాళ్లు. దానికి ఆధారం 'నిట్టనిలువు' అనే దిశ. అది గురుత్వాకర్షణ చెప్పే దిశ. దగ్గర్లో ఒకపక్క 2,400 మీటర్ల టేగెటస్ పర్వతం, మరోపక్క 5 వేల మీటర్లు మించిన సముద్రపు అగాధం ఉంటే గురుత్వం కొద్దిగా పక్కకు లాగుతుంది. ఆ ఒరుగు 10 వికలలుంటే (ఒక డిగ్రీలో 3,600 వికలలు) పటం మీద స్థానం 300 మీటర్లు జరుగుతుంది. కొలిచినవాడి పొరపాటు ఇందులో రవ్వంత కూడా లేదు. పటం మీది స్థానాలన్నిటికీ ఆధారంగా తీసుకునే లెక్కను డేటమ్ అంటారు. తర్వాత 1950 నాటి యూరోపియన్ డేటమ్ మీద గీసిన పటాలు వచ్చాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో డేటమ్. గ్రీసు దగ్గర ఈ రెండింటి మధ్య తేడా వంద మీటర్లకు పైనే. అందువల్ల కొన్న ప్రతి పటం మీదా డేటమ్ పేరు వెతకాలి. జీపీఎస్ స్థానానికి చేయాల్సిన సవరణ చెప్పలేమని రాసి ఉంటే, ఆ పటంలోని రాళ్లకు జీపీఎస్‌ను నమ్మి దగ్గరగా పోరాదు.

ఇదంతా కాగితం కాలపు గొడవ, ఇప్పుడు ట్యాబ్ ఉంది కదా అనుకునేవాళ్లకు వెస్టాస్ విండ్ కథ చెప్పాలి. ప్రపంచం చుట్టి వచ్చే పోటీలో ఉన్న ఆ పడవ 2014 నవంబర్ 29 రాత్రి హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు ఈశాన్యాన కార్గాడోస్ కరాహోస్ పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. తొమ్మిది మందీ బతికారు. ఆ దిబ్బలు వాళ్ల ఎలక్ట్రానిక్ పటంలో ఉన్నాయి. వాళ్లు మార్గం చూసుకున్న జూమ్ స్థాయిలో మాత్రం కనిపించలేదు. దగ్గరికి జూమ్ చేస్తేనే తేలతాయి. ఇందులో రెండో ప్రమాదం కూడా దాగి ఉంది. గ్రూప్ ఫొటోను ఎంత సాగదీసినా వెనక వరసలో వాళ్ల ముఖాలు తేటపడనట్టే, లక్ష నిష్పత్తిలో గీసిన పటాన్ని తెర మీద ఎంత పెద్దది చేసినా కొత్త సమాచారం పుట్టదు. గీతలు మాత్రం సన్నగా, నమ్మకంగా కనిపిస్తూనే ఉంటాయి. అందుకే అధికారిక ఎలక్ట్రానిక్ పటాల్లో నాణ్యతకు శ్రేణులు పెట్టారు. ఏ1 అంటే స్థానంలో 5 మీటర్ల తేడా, బి అంటే 50, సి అంటే 500. బ్రిటిష్ అడ్మిరల్టీ తన కాగితపు పటాలను ఆపేస్తామని 2022లో ప్రకటించి, తర్వాత గడువును కనీసం 2030 దాకా పొడిగించింది. కాగితం దొరికినంత కాలం మొత్తం ప్రాంతానికి ఒకటి, తిరిగే చోటుకు పెద్ద నిష్పత్తిలో మరొకటి పడవలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. తెర ఒకసారికి ఒక మూలే చూపిస్తుంది, కాగితం అంతా ఒక్కచూపులో పరుస్తుంది.

పైలట్ బుక్ పని వేరు. ఏ గాలికి ఏ రేవు పనికొస్తుంది, గట్టు దగ్గర లోతెంత, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవచ్చు, ప్రవేశంలో ఏ గుర్తు చూసి తిరగాలి, ఇలాంటివి మాటల్లో చెప్పే పుస్తకమిది. గ్రీకులకు ఈ విద్య పాతదే. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఓ గ్రీకు వర్తకుడు రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ మన తీరం దాకా వచ్చి, మసాలియా దగ్గర సన్నని నూలు బట్టలు ఎక్కువగా నేస్తారని రాసిపెట్టింది. ఆ చోటు మచిలీపట్నం ప్రాంతమని పండితుల అభిప్రాయం. నేటి గ్రీసుకు రాడ్ హైకెల్ రాసిన గ్రీక్ వాటర్స్ పైలట్ ప్రసిద్ధం. 1982లో మొదట వచ్చి, కూర్పు మారుతూ నడుస్తోంది. అయోనియన్‌లోనే తిరిగేవాళ్లకు ఆయనదే విడి సంపుటం ఉంది, ఏజియన్‌కూ ఉన్నాయి. రేవుల బొమ్మలు పటానికి తోడుగా చదవాల్సినవే గానీ పటానికి బదులు కావు.

పైలట్ బుక్‌లో మొదట చదవాల్సింది గాలుల అధ్యాయం. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండగానే 5, 6 బోఫోర్ట్ బలం సర్వసాధారణం, 7, 8కి కూడా పోతుంది. బాల్కన్ల మీద అధిక పీడనం, అనటోలియా మీద అల్పపీడనం ఉండటం దీనికి కారణం. ఆ అల్పపీడనం మన నైరుతి రుతుపవనాల కాలంలో పాకిస్తాన్, పర్షియన్ గల్ఫ్ మీదుగా పశ్చిమానికి సాగే ద్రోణికి కొనసాగింపే. మనకు వానలు పడే రోజుల్లో ఏజియన్‌లో పొడిగాలి చెలరేగడం వెనుక ఒకే వ్యవస్థ పనిచేస్తోంది. మరో సూక్ష్మం ఉంది. దీవికి దక్షిణాన అలల తాకిడి తగ్గుతుంది గానీ, కొండల మీదుగా దూకే గాలి అక్కడే ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. పటంలో ఎంతో భద్రంగా కనిపించే ఆ దక్షిణపు అఖాతం గురించి హెచ్చరించేది పైలట్ బుక్కే.

ఆటుపోట్ల బెడద గ్రీసులో స్వల్పం. చాలాచోట్ల అర మీటరు మించదు. ఖాల్కిస్ దగ్గర ఎవ్రిపోస్ జలసంధి మాత్రం మినహాయింపు. సుమారు ఆరు గంటలకోసారి దిశ మార్చుకునే ప్రవాహం 6, 7 నాట్ల వేగం అందుకుంటుంది. నీరు నిలిచిన వేళ చూసి రాత్రిపూట వంతెన తెరుస్తారు. ఆ వేళలు ముందే కనుక్కోకుండా అటు వెళ్లేవాళ్లు గంటల తరబడి ఆగాల్సి వస్తుంది.

అద్దె పడవ చేతికి రాగానే దానిలోని పైలట్ బుక్ ఎన్నో కూర్పో, తెర మీద పటం చూపే ప్లాటర్‌లోని పటాలు ఏ తేదీవో చూసుకోవాలి. ప్రచురణకర్తలు విడుదల చేసే సవరణలను పుస్తకంలోనే పెన్సిల్‌తో రాసుకోవాలి. తర్వాత, పడవ గట్టుకు కట్టి ఉండగానే ప్లాటర్ మీద మన గుర్తు ఎక్కడుందో పరీక్షించాలి. నీళ్లలో ఉన్న మనల్ని అది ఒడ్డు మీది వీధిలో చూపిస్తే, ఎటువైపు ఎన్ని మీటర్లు జరిగిందో రాసుకుని, ఆ చుట్టుపక్కల రాళ్లకు అంతకు రెండింతల దూరంలో నడపాలి.