వెనక నుంచి లెక్కించిన చదరంగం

చదరంగంలో ఒకవైపు రాజు, మంత్రి. ఎదుటివైపు రాజు, ఏనుగు మాత్రమే మిగిలాయనుకోండి. గెలుపెవరిది? సాధారణంగా మంత్రి ఉన్నవారిదేనని పుస్తకాలు చెబుతాయి. పెద్ద ఆటగాళ్ళకు అదేమంత కష్టం కాదని కూడా అనుకునేవారు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ 1977లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ఈ నాలుగు పావులతో ఏర్పడే స్థితులన్నింటినీ ముందే విశ్లేషించి దాచుకున్న కంప్యూటర్‌కు ఏనుగును అప్పగించారు. గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్ మంత్రితో ఆడారు. అది 31 ఎత్తుల్లో గెలవగల స్థితి. అయినా 50 ఎత్తుల్లో బ్రౌన్ గెలవలేకపోయారు! ఏ పావూ చావకుండా, బంటు కదలకుండా ఇరువైపులా 50 ఎత్తులు గడిస్తే డ్రా కోరవచ్చునన్నది నియమం. బ్రౌన్ పట్టుదలతో అధ్యయనం చేసి మళ్ళీ ఆడారు. ఈసారి సరిగ్గా 50వ ఎత్తులో ఏనుగును చంపి నెగ్గారు.

ఆ కంప్యూటర్ బలం ఎక్కడుంది? మనం ఆడేటప్పుడు ముందుకు ఆలోచిస్తాం. ఇక్కడ లెక్క వెనక్కి నడుస్తుంది. చిక్కుదారి బొమ్మలో గమ్యం నుంచి బయలుదేరి గీత గీసుకుంటూ వచ్చినట్లే ఇదీ. మొదట నల్లరాజుకు ఆటకట్టయిన స్థితులన్నీ గుర్తిస్తారు. తెల్లవారు ఒక్క ఎత్తుతో అక్కడికి చేరగల స్థితులు 'ఒక ఎత్తులో గెలుపు'. నల్లవారు ఏ ఎత్తు వేసినా అలాంటి స్థితిలోకే పోక తప్పదంటే అది కూడా వారి ఓటమే. ఇలా మెట్టు మెట్టుగా వెనక్కి వెళతారు. నల్లవారి గెలుపులనూ ఇదే పద్ధతిలో లెక్కిస్తారు. ఎటూ చేరక మిగిలినవి డ్రాలు. ఇందులో ఊహకు తావు లేదు.

ఈ పద్ధతి పాత పుస్తకాలనే సరిదిద్దింది. రెండు శకటులను ఒంటరి గుర్రం ఎదిరించి నిలవగల రక్షణ స్థితి ఒకటుందని 1851లో క్లింగ్, హార్విట్జ్ అనే విశ్లేషకులు చెప్పారు. వందేళ్ళకు పైగా అందరూ దాన్ని నమ్మారు. 1980లలో థాంప్సన్ లెక్కలు అక్కడ కూడా శకటులదే గెలుపని తేల్చాయి. అయితే గుర్రాన్ని పట్టడానికి కొన్ని స్థితుల్లో 66 ఎత్తుల దాకా పడుతుంది. అంటే 50 ఎత్తుల నియమం ఆ గెలుపును డ్రాగా మార్చగలదు!

2012లో మాస్కోలోని లొమొనోసొవ్ సూపర్ కంప్యూటర్ సాయంతో, రాజులతో కలిపి ఏడు పావుల స్థితుల పట్టికలు తయారయ్యాయి. వాటి పరిమాణం సుమారు 140 టెరాబైట్లు. అందులో ఒక స్థితిలో ఆటకట్టుకు 549 ఎత్తులు కావాలి. ఒక్కో పావు పెరిగేకొద్దీ స్థితుల సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. అందుకే 32 పావులతో మొదలయ్యే పూర్తి ఆట ఇంకా తేలలేదు.

మరి విద్యార్థికి వీటితో ఏం లాభం? పట్టిక సరైన ఎత్తును చూపుతుంది, కారణం చెప్పదు. ఒక స్థితిని పలకపై పేర్చి, ముందు మీ నిర్ణయం కాగితంపై రాయండి. తర్వాతే పట్టికతో పోల్చండి. రెండూ వేరైతే, ఎందుకో వెతకండి. బ్రౌన్‌ను రెండోసారి గెలిపించింది ఆ వెతుకులాటే.