తొలి 512 బైట్లు పదిలం

మన ట్యూషన్ కేంద్రానికి దాతలు ఇచ్చే కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవే. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే ఉన్న విండోస్‌ను ఉంచి, పక్కనే ఉచితంగా దొరికే లినక్స్ కూడా వేస్తున్నాం.

ఒకసారి నేను ఆ పని చేస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ రాలేదు, లినక్స్ కూడా రాలేదు. పదో తరగతి పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు అందులోనే ఉన్నాయి. గడువు మూడు రోజులే. ఒక మెకానిక్ విండోస్ డిస్క్‌తో బూట్ కోడ్‌ను మళ్లీ రాయించేసరికి రెండు రోజులు గడిచాయి. ఫైళ్లన్నీ క్షేమంగానే ఉన్నాయి. వాటికి దారి చూపే మొదటి పేజీ మాత్రమే చెడింది. ముందు జాగ్రత్త పడనిది నేనే.

ఆ మొదటి పేజీనే మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. పాత పద్ధతి కంప్యూటర్లలో అది హార్డ్‌డిస్క్ మొదట్లో 512 బైట్లలో ఉంటుంది. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే కోడ్. 64 బైట్లు డిస్క్‌లోని భాగాల పట్టిక. చివరి 2 బైట్లు గుర్తు. లినక్స్ వేసేటప్పుడు గ్రబ్ అనే ప్రోగ్రాం ఆ 446 బైట్ల చోట తన కోడ్ రాసుకుంటుంది.

రీళ్ల కాలంలో సినిమా ఎడిటర్లు రష్ ప్రింట్ మీదే కత్తెర వేసేవారు. అసలు నెగటివ్ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. మనం చేయాల్సిందీ అదే.

ముందుగా పిల్లల ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయాలి. బూట్ రికార్డ్ నకలు ఫైళ్లను కాపాడదు. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి, డీడీ అనే ఆదేశంతో డిస్క్ తొలి 512 బైట్లను మరో పెన్‌డ్రైవ్‌లో దాచాలి. ఆ నకలును అదే డిస్క్‌లో ఉంచితే అవసరానికి అందదు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది తారుమారైతే డిస్కే దెబ్బతింటుంది. కాబట్టి ఎంటర్ నొక్కే ముందు ఇద్దరు చదవాలి.

తిరిగి రాసేటప్పుడు మరో మెళకువ ఉంది. లినక్స్ కోసం డిస్క్‌ను విభజించాక 512 బైట్లూ రాస్తే పాత పట్టిక తిరిగి వచ్చి, కొత్త భాగం కనబడకుండా పోతుంది. విండోస్‌ను లేపడానికి తొలి 446 బైట్లు చాలు.

కొత్త కంప్యూటర్లలో యూఈఎఫ్ఐ పద్ధతి ఉంటుంది. అక్కడ విభజన పట్టికకు రెండో ప్రతి డిస్క్ చివర ఉంటుంది. బూట్ ఫైళ్లకు వేరే భాగం ఉంటుంది కనుక దాన్ని కాపీ చేసుకోవాలి.

దాతలకు ఒక మనవి. కంప్యూటర్ ఇచ్చేటప్పుడు దానితో పాటు చిన్న పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వండి. ఆ కంప్యూటర్ పేరు రాసి, నకలును అందులో బీరువాలో పెడతాం. పిల్లల కాగితాలు మన దగ్గర అమానత్. వాటిని కాపాడే పని ఐదు నిమిషాలదే.