తెలిసినవారు పంపితే నిజమేనా?

పోలియో చుక్కలు వేయిస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న పుకారు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం బస్తీల్లో ఏళ్ల తరబడి తిరిగింది. 2002లో దేశంలో దాదాపు 1,600 పోలియో కేసులు వస్తే, వాటిలో అత్యధికం ఆ రాష్ట్రానివే. మురికినీరు, ఇరుకు ఇళ్లు కూడా అందుకు కారణాలే. అయితే పుకారు విని తలుపులు మూసుకున్న ఇళ్లలో పిల్లలకు చుక్కలు అందలేదు.

ఆ తల్లిదండ్రులను అజ్ఞానులని తీసిపారేయడం తేలిక. కాని వారిని ఆపింది బిడ్డ మీది ప్రేమే. కీడు అనగానే మనసు ముందు భయపడుతుంది, ఆ తర్వాతే ఆలోచిస్తుంది. పైగా, ‘వేరే జబ్బులకు రానివారు దీనికే పదేపదే ఎందుకొస్తున్నారు?’ అన్న అనుమానం వారిలో ఉంది. పుకారు దానికి జవాబులా తోచింది.

పదిమంది నోట విన్న మాట నిజంలా వినిపిస్తుంది. 1977లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగంలో, నిజమైనా అబద్ధమైనా సరే, మళ్లీ మళ్లీ విన్న వాక్యాలనే జనం ఎక్కువగా నమ్మారు. అన్నిటికీ మించి, మనం మాటకంటే ముందు చెప్పిన మనిషిని చూస్తాం.

పుకారుకు విరుగుడు కూడా ఆ నమ్మకంలోనే దొరికింది. ఇమాములు మస్జిదుల నుంచి చుక్కలు వేయించమని ప్రకటించారు. అదే బస్తీ మహిళలు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఇప్పుడు ఫోన్‌లో ఒక పసిబిడ్డ ఫొటో, ఆపరేషన్‌కు లక్షల ఖర్చు, కింద ఖాతా నంబరు వస్తాయి. పంపింది మన బావమరిదో, స్నేహితుడో. మన మనసు కరుగుతుంది, వెంటనే పదిమందికి పంపిస్తాం. పుణ్యమనే పంపిస్తాం. కాని ఆ ఫొటో పాతదై, ఖాతా మరెవరిదో అయితే? ఒకసారి మోసపోయిన దాత చేయి రేపు నిజమైన రోగి ముందు కూడా వెనక్కి పోతుంది. ఆ నష్టం పేదవాడిదే.

వార్త వస్తే విచారించి నిర్ధారించుకోవాలని ఖుర్ఆన్‌లోని సూరా హుజురాత్ 6వ ఆయత్ మనకు నేర్పుతోంది. కాబట్టి ముందుకు పంపేముందు మూడు అడుగుదాం: ఇది ఏ తేదీది? ఏ ఆసుపత్రి? ఆ కుటుంబంతో స్వయంగా మాట్లాడిన వారెవరు? జవాబు దొరికేదాకా ఆగుదాం. దొరికితే ఇచ్చేందుకు ఆలస్యం చేయవద్దు. దానం ఎంత అమానతో, మన పేరుతో వెళ్లే మాట కూడా అంతే అమానత్.